నా పేరున ఒక ఖాతా

2025 ఫిబ్రవరి 18, మంగళవారం

నా దివాలా తీరిపోయింది.

కాగితం మధ్యాహ్నమే వచ్చిందట. నేను గ్లౌజుల ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి మా ఆయన దాన్ని బల్ల మీద పరిచి, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా ఉప్పు డబ్బా పెట్టి కూర్చున్నారు. మలయ్‌లో ఉన్నదాన్ని రెండుసార్లు చదివి వినిపించారు. కూర్మయ్య కూతురు యోగేశ్వరి దివాలా నుంచి విడుదల.

"నువ్వు ఏడుస్తావనుకున్నాను," అన్నారు.

ఏడుపు రాలేదు. చేపలు కడగాలి.

తమ్ముడు ఉదయ్ లారీ అప్పుకు అక్కగా నేను పెట్టిన హామీ సంతకం తెచ్చిన దివాలా అది. లారీ బోల్తా పడింది, మిగిలినదాన్ని బ్యాంకువాళ్ళు వేలం వేశారు, వాడి పెళ్ళాం పుట్టింటికి పోయింది, వాడు ఎవరికీ చెప్పకుండా ఊరు మారాడు. సంతకం ఒక్కటి కదలకుండా నా దగ్గర ఉండిపోయింది. నా ఖాతా మూసేశారు. జీతం ఆయన ఖాతాలో పడటం మొదలైంది. ప్రతి నెలా మొదటి శనివారం డబ్బు తీసుకొచ్చి, దివాలా ఆఫీసుకు కట్టేది, ఇంటి ఖర్చు పక్కన పెట్టి, మిగిలింది నా చేతిలో పెడతారు. ఎప్పుడూ తప్పలేదు, ఎప్పుడూ విసుక్కోలేదు. అయినా ఆ శనివారం ఉదయం నేను పెరట్లో ఏదో ఒక పని కల్పించుకుంటాను. చెయ్యి చాచి నిలబడ్డట్టు ఉండకూడదని.

మలేషియాలో పుట్టి పెరిగినా తెలుగులో రాస్తాను కాబట్టి ఈ పుస్తకం ఎక్కడ పడేసినా భయం లేదు. మా ఆయన మణియం తమిళం, మలయ్ తప్ప చదవరు, మా అమ్మాయి దర్షిణికి ఇంగ్లీషు. మేం పెరిగిన బాగన్ దాతుక్‌లో ఆదివారం తెలుగు బడికి నాన్న నన్నూ ఉదయ్‌నీ సైకిలు మీద తీసుకెళ్ళేవాడు. ఈ ఇంట్లో ఇది చదవగలవాళ్ళు లేరు. ఇంటి బయట ఒక్కడున్నాడు.

ఫిబ్రవరి 19

నాకు ఉదయ్ మీద కోపం లేదు. వాడి గురించి ఇక్కడ ఇక రాయను.

ఫిబ్రవరి 26, బుధవారం

సగం రోజు సెలవు పెట్టి బంటింగ్ టౌనులో బ్యాంకుకు వెళ్ళాను. దీపావళికి కొన్న పంజాబీ డ్రెస్సు వేసుకున్నాను. ఖాతా తెరవడానికి అంత ముస్తాబు ఎందుకని దర్షిణి నవ్వింది.

కౌంటరులో ఆకుపచ్చ తలగుడ్డ కట్టుకున్న అమ్మాయి నన్ను "కాక్" అని పిలిచింది, అక్కా అన్నట్టే. నా ఐసీ, అంటే గుర్తింపు కార్డు, నంబరు కొట్టింది. స్క్రీను చూసింది. మళ్ళీ కొట్టింది.

"కాక్, ఇక్కడ ఇంకా దివాలా అనే చూపిస్తోంది లా," అంది, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే "లా"తో.

నేను కాగితం తీసి చూపించాను. అది సరిపోదట. రికార్డులు మారడానికి టైం పడుతుందట. దివాలా శాఖ ఆఫీసులో నా పేరు వెతికించి, ఏమీ లేదని రాయించుకుని రమ్మంది. గొంతు తగ్గించే చెప్పింది పాపం. కానీ అక్కడ ఏసీ చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. నా వెనక కుర్చీలో మా ప్యాకింగ్ సెక్షన్ మీనాచ్చి ఉంది.

బయటికి వస్తుంటే ఏం పని మీద వచ్చావని అడిగింది. అడ్రసు మార్చడానికన్నాను. మేము ఇల్లు మారలేదని ఆమెకు తెలుసు.

మార్చి 9, ఆదివారం

రాయనన్నాను. రాయాల్సి వస్తోంది.

తెలియని నంబరు. ఎత్తాను.

"అప్పా, నానే."

ఆ గొంతు విని ఏడాది పైనే అయింది. అక్కను అప్పా అనేది వాడొక్కడే.

"దివాలాలోంచి నీ పేరు తీసేసినారంట. నిజమేనేటి?"

"ఎవులు సెప్పినారు?"

"మన బాగన్ దాతుక్ డ్రైవరొకడు సెప్పినాడు. బ్యాంకులో ఎకౌంటు తెరిసినావా మరి?"

"నా ఎకౌంటుతో నీకేటి పని?"

"ఊరికే అడిగినాను లా."

వాడు ఊరికే అడిగినవన్నీ నాకు గుర్తున్నాయి. ఫోను పెట్టేశాను.

ఆయన టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే, "మళ్ళీ సంతకమా?" అన్నారు. ఏ సంతకమో, ఎవరో, పేరు ఎత్తలేదు. ఈ ఇంట్లో ఆ పేరు ఎత్తరు. నేను బియ్యం కడిగాను.

మార్చి 18, మంగళవారం

బస్సులో క్లాంగ్, అక్కడి నుంచి ఇంకో బస్సులో షా ఆలం. దివాలా ఆఫీసులో వరస పెద్దది. చాలామంది నా వయసువాళ్ళే. ఎవరూ ఎవరి మొహం చూడరు. అందరూ తమ తమ ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రిలో కూర్చున్నట్టు కూర్చున్నారు.

నా వంతు వచ్చింది. గుమస్తా వెతికి, కాగితం అచ్చు తీసి, ముద్ర వేసి ఇచ్చాడు. ఈ పేరున దివాలా రికార్డు ఏదీ లేదు. "ఇంక రావద్దు అక్కా," అన్నాడు తమిళంలో, నవ్వుతూ.

తిరుగు బస్సులో సంచిలో ఫోను మోగింది. ఆ నంబరే. ఆగిపోయేదాకా మోగనిచ్చాను. పక్కనామె నా వైపు చూస్తుంటే కిటికీలోంచి పామాయిల్ తోటలు చూశాను.

కోపం కాదు. అలసిపోయి ఉన్నాను, అంతే.

మార్చి 21, శుక్రవారం

బ్యాంకువాళ్ళు ఇచ్చింది ఖాతాయే. కానీ సగం ఖాతా. కార్డు లేదు, ఫోనులో చూసుకోవడం లేదు, ఎంత దాచినా ఒక హద్దు దాటకూడదు. డబ్బు కావాలంటే కౌంటరు దగ్గరికే వచ్చి సంతకం పెట్టాలి.

పూర్తి ఖాతా ఎప్పుడు ఇస్తారని అడిగాను. ఆకుపచ్చ తలగుడ్డ అమ్మాయి కొంచెం ఆలోచించి, "మీ పేరు మీద మంచి మాట చెప్పే రికార్డు ఒకటి ఉండాలి కాక్. ఫోను లైను మీ పేరున తీసుకోండి. బిల్లు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా కట్టండి. తర్వాత మేనేజరును అడుగుతాను," అంది.

ఇంటికి వచ్చి చెప్పాను. ఆయన అన్నం కలుపుతున్నవారు ఆగారు.

"అంత తిప్పలెందుకు? నా ఖాతా ఉంది కదా."

"నాదొకటి ఉండాలి కదా."

"ఏడేళ్ళు నేను నీకు బ్యాంకు కాలేదా? ఎప్పుడైనా ఎందుకని అడిగానా?"

అడగలేదు. అదే నా బాధ అని ఆయనకు ఎలా చెప్పను. అడిగి ఉంటే ఒకసారైనా గట్టిగా పోట్లాడుకునేవాళ్ళం. దర్షిణి పళ్ళెం తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 11

నా పేరున తీసుకున్న కొత్త లైనుకు మొదటి ఫోను బిల్లు. నా పేరు పూర్తిగా వేశారు, నాన్న పేరుతో సహా. వచ్చిన రోజే కట్టేశాను. కొట్టువాడు గడువు ఇంకా ఉందన్నాడు. తెలుసన్నాను.

ఏప్రిల్ 20, ఆదివారం

వాడే. కొత్త నంబరు వాడికెలా దొరికిందో. దర్షిణి ఇచ్చి ఉంటుంది. అడగను.

"సంతకం ఎట్టను," అన్నాను ముందే.

వాడు నవ్వాడు. నవ్వులోంచి దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గాడు.

"సంతకం వద్దప్పా. ఎకౌంటు తెరిసినావా నేదా, అదొక్కటి సెప్పు."

మీనాచ్చి గుర్తొచ్చింది, ఆ ఏసీ గది గుర్తొచ్చింది. వీడి ముందు కూడా తలదించుకోవాలా అనిపించింది.

"తెరిసినాను. కార్డు కూడా ఇచ్చినారు. అన్నీ ఇచ్చినారు. నువ్వు పాడుసేసిందంతా నానే బాగుసేసుకున్నాను."

"నిజమే?"

"నీకు అబద్ధం సెప్పాల్సిన పనేటి నాకు?"

"మంచిదప్పా. మంచి పని సేసినావు," అన్నాడు. ఆ తర్వాత తనే పెట్టేశాడు. వాడు ముందు పెట్టేయడం ఇదే మొదటిసారి.

దగ్గు గురించి అడగలేదు. ఈ ఎండలకు అందరూ దగ్గుతున్నారు.

మే 14, బుధవారం

భోజనాల వేళ ఒక ముసలామె ఫోను. "నాను పాపాయినమ్మా, కువాలా సెలంగోర్ నుంచి. మీ తమ్ముడు నా గదిలోనే అద్దెకుంటున్నాడు. ఆసుపత్రిలో ఏసినారు. నీకు ఫోను సెయ్యొద్దన్నాడు, నానే సేసినాను."

ఏమైందని అడిగాను. కిడ్నీలంది. ఎప్పటినుంచి అంటే, "వచ్చి సూడమ్మా, అన్నీ సెప్తాను," అంది.

ఆదివారం వెళ్తాను. మధ్యలో సెలవు ఇవ్వరు.

మే 16

సెలవు అడిగితే ఇచ్చేవారేమో. అడగలేదు. ఆదివారం ఎలాగూ ఉంది. చారు పెట్టి తీసుకెళ్తాను, మిరియాలు ఎక్కువ వేసి. వాడికి అలాగే ఇష్టం.

ఆయనకు చెప్పాను. "బస్సెందుకు, కారులో తీసుకెళ్తాను," అన్నారు.

మే 18, ఆదివారం

చారు ఫ్లాస్కులో పోస్తుంటే ఫోను వచ్చింది.

మే 22

రాయాలి. రాయకపోతే ఆ రోజు ఇంకా జరుగుతూనే ఉంటుంది.

ఆసుపత్రిలో దుప్పటి తీసి చూపించారు. చిన్నవాడైపోయాడు. చేతి మీద సూదులు గుచ్చిన చోట తాడు మెలిపెట్టినట్టు నరాలు ఉబ్బి ఉన్నాయి. నేను ఆ చెయ్యే పట్టుకున్నాను.

దహనానికి క్లాంగ్ తీసుకెళ్ళాం. నిప్పు ఎవరు పెడతారని పూజారి అడిగాడు. వాడికి పిల్లలు లేరు. పెళ్ళానికి కబురు వెళ్ళింది, ఆమె రాలేదు. లారీ డ్రైవర్లు ముగ్గురు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆయన కళ్ళజోడు తీసి నా చేతికిచ్చి, చొక్కా విప్పి, "నేను," అన్నారు.

వాడి మూలంగా ఏడేళ్ళు నా దివాలా కంతులు కట్టిన మనిషి. కుండ భుజాన పెట్టుకుని మూడు చుట్లు తిరిగారు. కళ్ళజోడు లేక తడబడుతుంటే పాపాయి మోచెయ్యి పట్టుకుని నడిపించింది.

ఇంటికి వచ్చాక స్నానం చేసి పడుకున్నారు. ఫ్లాస్కు కారులోనే ఉండిపోయింది. మర్నాడు దర్షిణి తీసి కడిగింది.

జూన్ 1, ఆదివారం

గది ఖాళీ చేయడానికి కువాలా సెలంగోర్ వెళ్ళాం. పాపాయి ఇంటి వెనక రేకుల గది. ఒక మంచం, ఒక టేబుల్ ఫ్యాను, నాలుగు చొక్కాలు. పాపాయికి డెబ్బై దాటి ఉంటాయి. కోళ్ళు పెంచుతుంది, పొద్దున్నే ఇడ్డెన్లు వేసి అమ్ముతుంది. మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి, తనే మొదలుపెట్టింది.

"మూడేళ్ళయినాదమ్మా డయాలిసిస్ మొదలెట్టి. ఆసుపత్రి వాన్ వచ్చి ఎక్కించుకుపోయేది. ఆ రోజులు తప్ప మిగతా రోజులు తోటలో లెక్కలు రాసేవోడు. నీకు సెప్తానంటే నా మీద కసిరేవోడు."

"నాకెందుకు చెప్పొద్దన్నాడు?"

"మా అప్ప జాలిపడి వచ్చేస్తాది, ఆ జాలి నాకొద్దత్తా అనేవోడు." ఆమె గ్లాసు కింద పెట్టింది. "పీఎఫ్‌లో నీ పేరు రాయించినాడమ్మా. డ్రైవరుగా సేసినప్పటి డబ్బంతా అందులోనే ఉంది. దివాలాలోంచి అప్ప పేరు తియ్యకముందు నాను పోతే ఆ డబ్బు అప్పులోళ్ళకే ఎల్లిపోద్ది, అప్పకి ఒక్క పైసా రాదు అని ఎవులో సెప్పినారంట. మా అప్ప పేరు తీసిందాకా నన్ను పోనివ్వకండని డాక్టరుతో నవ్వుతా అనేవోడు."

మణియం నా వైపు చూశారు. ఆయనకు తెలుగు సగమే తెలుసు. ఆ సగం చాలు.

"ఇంత తొందరగా ఎలా..." అన్నాను.

"ఏప్రిల్ నెలాఖరు నుంచి ఎల్లడం మానేసినాడమ్మా. వాన్ వస్తాది, ఇయాల రానని అంపేస్తాడు. తిట్టినాను, కాళ్ళు పట్టుకున్నాను. అలిసిపోనానత్తా, ఇంక సాలు అన్నాడు. అంతకుముందు ఒకరోజు ఎంత సంతోసంగా ఉన్నాడో. నాకు లడ్లు తెచ్చిపెట్టినాడు. మా అప్పకి కార్డు కూడా ఇచ్చినారని."

ఇంతే రాయగలను.

జూన్ 2

ఏప్రిల్‌లో వాడితో మాట్లాడిన తేదీ ఈ పుస్తకంలోనే ఉంది. పేజీలు వెనక్కి తిప్పను.

జూన్ 10

డయాలిసిస్ చేయించుకునేవాళ్ళలో కొందరు అలా ఒకరోజు చాలనుకుంటారట. అలసిపోతారట. ఎవరో ఏదో అన్నందుకు కాదట. ఆసుపత్రిలో నర్సును అడిగి వచ్చానని ఆయన చెప్పారు. నిన్న కూడా ఇదే చెప్పారు. ఈరోజు అన్నం తింటూ మళ్ళీ చెప్పారు.

ఏప్రిల్ ఫోను మాటలు ఆయనకు నేను చెప్పలేదు. ఏం అర్థమైందో ఏమో.

జూన్ 29, ఆదివారం

పీఎఫ్ ఆఫీసువాళ్ళు నా పేరున పూర్తి ఖాతా నంబరు ఇమ్మన్నారు. సగం ఖాతాలో అంత డబ్బు పట్టదు. మొగుడి ఖాతాలో వేయరు.

నాకు వద్దన్నాను. ఆ డబ్బు ముట్టుకోనన్నాను. అరిచాననుకుంటా. దర్షిణి వచ్చి గుమ్మంలో నిలబడింది.

ఆయన తమిళంలో మెల్లగా అన్నారు. "నాకు ఇచ్చి ఉంటే నేనూ వద్దనేవాణ్ణి. కానీ నీకిచ్చాడు. ఇవ్వడానికే మూడేళ్ళు ఆ సూదులు పొడిపించుకున్నాడు. నువ్వు వద్దంటే అది ఎక్కడికి పోతుంది, చెప్పు."

జూలై 8, మంగళవారం

ఆయన కారులోనే కూర్చున్నారు. నేను ఒక్కదాన్నే బ్యాంకు లోపలికి వెళ్ళాను.

ఆ అమ్మాయే ఉంది. ఫోను బిల్లులు చూపించాను, అన్నీ గడువుకు ముందే కట్టినవి. షా ఆలం కాగితం, పీఎఫ్‌వాళ్ళ కాగితం ఇచ్చాను. మరణ పత్రం చూసి ఆమె తల ఎత్తింది.

"తమ్ముడా కాక్?"

"తమ్ముడే."

కాగితాలన్నీ తీసుకుని మేనేజరు గదిలోకి వెళ్ళింది. అద్దంలోంచి ఆమె చేతులు కదలడం కనిపించింది. నా కోసం ఎవరో వాదిస్తుంటే చూడటం అలవాటు లేదు, నేల వైపు చూస్తూ కూర్చున్నాను. వచ్చి, పూర్తి ఖాతా ఇస్తున్నామంది. కార్డు అప్పటికప్పుడే చేసి చేతిలో పెట్టింది. "తాహ్నియా కాక్," అంది, శుభాకాంక్షలని. అని, మరణ పత్రం గుర్తొచ్చి కాబోలు, నాలిక కరుచుకుంది.

కారులో కూర్చున్నాక ఆయన కార్డు అడిగి తీసుకుని చూశారు. తిరిగి ఇచ్చేశారు.

ఆగస్టు 12

ఫ్యాక్టరీలో ఉండగా ఫోను గిర్రుమంది. డబ్బు పడింది. పంపినవారి దగ్గర పీఎఫ్ పేరే ఉంది, వాడి పేరు లేదు.

బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను. మీనాచ్చి తలుపు తట్టి, "బాగున్నావా?" అంది. బాగున్నానన్నాను. కళ్ళు కడుక్కుని బయటికి వచ్చాక ఆమెకే చెప్పాను, నేను దివాలా తీశానని, ఇప్పుడు కాదని, తమ్ముడు చనిపోయాడని. మీనాచ్చి నన్ను గ్లౌజుల పెట్టెల మధ్య కూర్చోబెట్టి, నా వాటా పెట్టెలు కూడా తనే కట్టింది.

సెప్టెంబరు 6, శనివారం

జీతం ఈ నెల నుంచి నా ఖాతాలో పడుతోంది. మొదటి శనివారం. ఆయన అలవాటుగా పొద్దున్నే తయారయ్యారు, బండి తాళాలు తీసుకున్నారు, మళ్ళీ మేకుకు తగిలించారు. పెరట్లోకి వచ్చి నా పక్కన నిలబడ్డారు.

"ఈ నెల నుంచి నేను నీకు ఏం ఇవ్వాలి?" అన్నారు.

తమాషాకి అన్నారనుకున్నాను. తమాషా కాదు. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లుంగీ అంచు పట్టుకుని ఉన్నారు. తడిబట్టలు తీసి ఆ చేతుల్లో పెట్టాను. ఇద్దరం ఆరేశాం.

ఉదయ్ మీద కోపం లేదు. ఇది ముందు రాసినప్పుడు అబద్ధం.

సెప్టెంబరు 19, శుక్రవారం

పాపాయి అద్దె బాకీ తీర్చాను, దినాల ఖర్చు అయింది. మిగిలినదాంట్లో కొంత బ్యాంకులో డిపాజిట్ చేస్తే దాని మీద చిన్న క్రెడిట్ కార్డు ఇస్తారని ఆ అమ్మాయి చెప్పింది. నెలనెలా కొంచెం వాడి, పూర్తిగా కట్టేస్తుంటే రెండేళ్ళలో నా పేరు అందరి పేర్లలాగే అవుతుందట. రేపు దర్షిణి చదువుకు ఏ బ్యాంకుకు వెళ్ళినా తల దించుకోనక్కర్లేదట. సరే అన్నాను.

ఆమె ఒక్కొక్కటే అడుగుతూ కంప్యూటరులో కొట్టుకుంటూ పోయింది. చివర్లో, "మీ ఇంట్లో ఉండని దగ్గరి బంధువు ఒకరి పేరు, ఫోను నంబరు," అంది.

నోటికి వాడి నంబరు వచ్చింది. పెదాలు గట్టిగా మూసుకున్నాను.

"ఖాళీగా వదిలేయొచ్చా?"

"వదిలేస్తే సిస్టమ్ ముందుకు పోదు కాక్."

అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు. ఆయన వైపువాళ్ళతో నా దివాలా రోజుల్లోనే మాటలు తగ్గిపోయాయి. ఒక్క నిమిషం అని చెప్పి బయటికి వెళ్ళి పాపాయికి ఫోను చేశాను. సంగతి చెప్పాను.

"నా పేరేటికమ్మా? సంతకం ఎట్టాలేటి?" అంది. గొంతులో భయం వినిపించింది.

"అక్కర్లేదత్తా. నాకేటన్నా అయితే ఆళ్ళు నీకు ఫోను సేస్తారు. అంతే."

కోళ్ళ చప్పుడు, ఎవరో ఇడ్డెన్లు అడుగుతున్న చప్పుడు. ఆమె వాళ్ళకు జవాబు చెప్పలేదు.

"అలగైతే రాయించు. కానీ ఆళ్ళకంటే ముందు నువ్వు సెయ్యాల. ఒంట్లో బాగోపోతే నువ్వే సెయ్యి. నాకు సెప్పకుండా ఉండకు."

సరే అన్నాను. ఆమె "ఏటీ?" అంది. మళ్ళీ సరే అన్నాను.

లోపలికి వచ్చి కూర్చుని పేరు, నంబరు చెప్పాను.

"మీకు ఏమవుతారు కాక్?"

"అత్త."

ఆమె కొట్టింది. పేజీ ముందుకు జరిగింది.